గాదీ దిగిన అంబాదాసు

నాందేడ్ బజారులో అంబాదాసును నిలబడగా చూసినవాళ్ళు తక్కువ. పొద్దున్నే చీరల దుకాణం తలుపులు తీసి, ఊదుబత్తి వెలిగించి, తెల్ల దుప్పటి పరిచిన దూది పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడంటే మళ్ళీ అన్నానికే లేచేవాడు. ఆ పరుపును అక్కడ గాదీ అంటారు. తండ్రి శివరాం పోయాక దుకాణంతో పాటు అదీ ఆయనకు వచ్చింది. కూర్చున్నచోటి నుంచే చీర అందుకుని, మడత వదులు చేసి, మణికట్టు ఒక్కసారి విదిలిస్తే అది జలజలా పరుచుకుంటూ పోయి ఎదుటి ఆడవాళ్ళ మోకాళ్ళ దగ్గర ఆగేది. కొనే ఉద్దేశం లేనివాళ్ళు కూడా ఆ విసురు చూడటానికి కాసేపు కూర్చునేవారు. ఆ సంగతి అంబాదాసుకు తెలుసు. తెలియనట్టు ఉండటం మాత్రం ఆయనకు ఎన్నడూ చేతకాలేదు.

పెళ్ళిళ్ళ కాలం వస్తే బస్తాల సందడి. దెగ్లూర్ వైపు పల్లెల నుంచి పెళ్ళివారు గుంపుగా సర్కారు ఎస్టీ బస్సు దిగి, ఒకే దుకాణంలో కూర్చుని, పెళ్ళికూతురి చీర మొదలు మేనమామ ధోతీ దాకా అన్నీ తీసుకుని పెద్ద మూట కట్టించుకుంటారు. దాన్నే బస్తా కట్టడం అంటారు. శివరాం పెట్టిన నియమం ఒకటుంది. బస్తాకు మొదటి చీర విప్పిన మనిషి మూట ముడి పడేదాకా గాదీ దిగకూడదు. దిగితే పెళ్ళికి విఘ్నమని ఆయన నమ్మకం. గిరాకీ పక్క దుకాణానికి జారుకుంటుందన్నదే మామగారి అసలు భయమని అంబాదాసు భార్య ఉమాబాయి అనుమానం. అయినా ఆ నియమాన్ని ఎవరూ తప్పలేదు.

యాభై దగ్గరపడుతుండగా అంబాదాసు నడుములో నొప్పి మొదలైంది. అది పిరుదులోంచి తొడ వెనకగా, పిక్క మీదుగా, ఎడమకాలి బొటనవేలి దాకా మంటలా దిగేది. వేలంతా తిమ్మిరి. ఒకరోజు చెప్పు బజారులోనే ఊడిపోతే, ఇంటికి వచ్చేదాకా ఆయనకు తెలియనే లేదు. నూనె మర్దన అయింది, వేడి ఇటుక కాపడం అయింది, నరాలు సవరించే ముసలాయన మెలిపెట్టడమూ అయింది. ఆ మెలికకు ఉన్న నొప్పి రెట్టింపయింది. నొప్పినైతే ఓర్చుకునేవాడే. గాదీ దిగిపోతే బజారులో తనకంటూ ఏం మిగులుతుందన్న దిగులే ఆయన్ను లోపల తినేసేది.

చివరికి ఉమాబాయే పోరుపెట్టి, ఊరికి కొత్తగా వచ్చిన ఎముకల డాక్టరు విశ్వేశ్వర్ దగ్గరికి తీసుకుపోయింది. ఆయన నడుముకు స్కానింగు తీయించి, వెల్లకిలా పడుకోబెట్టి కాలెత్తి చూసి, మరాఠీలో నిదానంగా విడమరిచి చెప్పాడు. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళలుంటాయి, వాటిలో ఒకటి బయటికి ఉబ్బి కాల్లోకి దిగే నరాన్ని నొక్కుతోంది. ముందు వెన్నులోకి మందు సూది వేసి చూద్దాం, దానికీ తగ్గకపోతే ఆపరేషన్ సంగతి అప్పుడు ఆలోచిద్దాం.

ఈ మాట బజారులో పొక్కింది. పక్క దుకాణం రామదాస్ పనిగట్టుకుని వచ్చాడు. "ఎన్నుల సూది ఏసినంక నడిచినోన్ని సూసినవా అంబాదాసూ? కాళ్ళు రెండూ పడిపోతయంటరు!"

"ఇప్పుడు మాత్రం పరుగెత్తుతున్నడా అన్నా?" అంది ఉమాబాయి. రామదాస్ చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

సూది రోజు దుకాణం మూశారు. అంబాదాసును పక్కకు తిప్పి, మోకాళ్ళు కడుపులోకి ముడిచి పడుకోబెట్టారు. నడుం మీద చల్లగా స్పిరిటు తగిలింది, తర్వాత చురుక్కుమంది. లోపలికి మందు దిగుతుంటే బరువు కాల్లోకి పాకి, పాత నొప్పి తన పాత దారిలోనే ఒకసారి బొటనవేలి దాకా పోయింది. అంబాదాసు గుర్తొచ్చిన దేవుళ్ళందరినీ పిలిచాడు. కాసేపటికి నొప్పి అణిగింది. ఆ కాలు ఒకటుందన్న ధ్యాసే లేనంత తేలికయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సంతోషంతోనే.

డాక్టరు ఇద్దరికీ గట్టిగా చెప్పాడు. ఈ హాయి మొద్దుబార్చే మందుది, సాయంత్రానికి పోతుంది. అసలు మందు పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. ఇంటికి పోయి పడుకోవాలి, కింద కూర్చోకూడదు. ఉమాబాయి అంతా విన్నది. అంబాదాసుకు 'హాయి' దాకానే వినబడింది.

ఇల్లు దుకాణం వెనకే. రిక్షా దిగేసరికి దుకాణం మెట్ల మీద పెళ్ళివారు కాచుకుని ఉన్నారు. దెగ్లూర్ పక్క పల్లెలో కూలి చేసుకునే నర్సన్న, అతని భార్య వెంకవ్వ, పెళ్ళికూతురు, చుట్టాలు.

"పొద్దుగాల అచ్చినం సేటూ," అన్నాడు నర్సన్న. "నీ చేతి చీరనే కావాలని మా పిల్ల మంకు పట్టింది."

"ఇయ్యాల గాదు నర్సన్నా, సేటుకు పానం బాగలేదు," అంది ఉమాబాయి.

"ఎవలికి బాగలేదు?" అని అంబాదాసు తాళం తీయనే తీశాడు. "సూడు, నొప్పి ఏడున్నది? పోయింది!"

"డాక్టర్ ఏం జెప్పిండు? మీకు చెవులున్నయా లేవా?"

చెవులు లేవు. ఆయన గాదీ ఎక్కి బాసింపట్టు వేశాడు. ఎన్నాళ్ళకో కాలు పూర్తిగా ముడుచుకుంది. ఆ రోజు విసిరినట్టు చీరలు ఎన్నడూ విసరలేదు. పెళ్ళికూతురు నవ్వింది, వెంకవ్వ బుగ్గన వేలు పెట్టుకుంది, అంబాదాసు ఛాతీ ఉప్పొంగింది. ధోతీల దగ్గరికి వచ్చేసరికి బొటనవేలు చిమచిమలాడింది. తువ్వాళ్ళ దగ్గర పిక్క మండింది. లేస్తే బస్తా చెడుతుందని పళ్ళు బిగించి కూర్చున్నాడు. మూట ముడి పడ్డాక లేవబోయాడు. ఎడమకాలు ఆనలేదు. తువ్వాళ్ళ మీదే కూలిపోయాడు.

"పోయింది! నా కాలు పోయింది! రామదాసు ముందే జెప్పిండు!" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"కాలు యాడికీ పోలే. తలకాయల అకల్ పోయింది," అంది ఉమాబాయి. అంటూనే వంగి ఆయన కాలు పట్టి చూసింది. నర్సన్న సేటును మూపున ఎత్తుకుని ఇంట్లోకి మోసుకుపోయాడు.

డాక్టరు ఇంటికే వచ్చి కాలు పరీక్షించాడు. పడిపోలేదని చెప్పాడు. ఆ తర్వాత తిట్టాల్సినంత తిట్టాడు. కొన్నాళ్ళు చెక్కబల్ల మీద పడకే. తర్వాత రెండో సూది. మళ్ళీ ఎప్పుడైనా గాదీ మీద ముడుచుకుని కూర్చుంటే నేరుగా ఆపరేషనే.

దుకాణం ఉమాబాయి తెరిచింది. గోడ ఇవతల పడుకుని అంబాదాసు చెవి అటే వేసేవాడు. చీర విసిరిన చప్పుడు వినబడేది కాదు. ఆడవాళ్ళ నవ్వులు మాత్రం వినబడేవి. తాను కూర్చున్నప్పుడు వాళ్ళు ఇంతగా నవ్వేవారు కాదు. ఆయనకు కుళ్ళుగా ఉండేది, ఎవరి మీదో తెలిసేది కాదు. ఒక మధ్యాహ్నం ఆమె అన్నం పెట్టడానికి వచ్చింది. దుకాణంలో అప్పుడు ఒక బస్తా నడుస్తోంది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "బస్తా మధ్యల గాదీ దిగినవా?"

"దిగిన. చీర పిల్ల భుజం మీద ఏసి సూపియ్యాలంటే దిగాలె గద. ఏసి సూపిచ్చిన, మల్ల ఎక్కిన. ఇప్పుడు మల్ల దిగిన. తినుండ్రి, సల్లారుతది."

పెళ్ళివారెవరూ పక్క దుకాణానికి పోలేదు. ఆ అమ్మాయి పెళ్ళి కూడా చక్కగా జరిగిందని తర్వాత తెలిసింది.

రెండో సూదికి అంబాదాసు దేవుళ్ళను అంతగా ఇబ్బంది పెట్టలేదు. ఇంటికి వచ్చి, చెప్పినట్టు పడుకున్నాడు. నొప్పి ఒక్కరోజులో పోలేదు. ముందు పిక్కను వదిలింది, తర్వాత తొడను. చివరికి బొటనవేలి కొసన కాస్త తిమ్మిరి మిగిలింది. డాక్టరు నడవమన్నాడు. గోదావరి ఒడ్డు దాకా నడిచి వస్తుంటే, పుట్టి పెరిగిన ఊరిని ఇంతగా తానెప్పుడూ చూడలేదే అనిపించి సంబరపడ్డాడు.

ఒక పొద్దున ఇస్త్రీ ధోతీ కట్టుకుని దుకాణంలోకి వచ్చాడు. బస్తా జోరుగా సాగుతోంది. ఉమాబాయి ఆయన్ను చూసి, గాదీ మీద పక్కకు జరిగి, దుప్పటి ముడతలు సరిచేసింది. ఆ తెల్లటి జాగా చూడగానే అంబాదాసుకు కూర్చోవాలని ప్రాణం కొట్టుకుంది. రెండు కాళ్ళ మీదా నొప్పి లేకుండా నిలబడి ఉన్నానన్న సంగతి అప్పుడే గుర్తొచ్చింది.

"నువ్వే కూసో," అన్నాడు. "కొంగు ఇటియ్యి."

ఆమె ఒక కొస పట్టుకుంది. ఆయన కొంగు పట్టుకుని మెల్లగా వెనక్కి నడిచి గడప దాకా పోయాడు. తొమ్మిది గజాల చీర ఇంత పొడవునా తెరుచుకోవడం ఆ దుకాణంలో అదే మొదటిసారి. ఆడవాళ్ళంతా ముందుకు వంగారు.

అప్పుడే మెట్లెక్కి వచ్చిన పల్లెటూరి ముసలాయన, గడపలో కొంగు పట్టుకుని నిలబడ్డ మనిషిని తట్టాడు. "బాబూ, ఈ దుకాణం సేటు ఎవలు?"

అంబాదాసు గుండెలో కలుక్కుమంది. ఒక్క క్షణమే.

"గాదీ మీద కూసున్నది, కనవడ్తలేదా తాతా?" అన్నాడు. "చెప్పులిడిసి లోపలికి పో."