నీళ్ల ట్యాంకరు వైకింగు

ఒమాన్‌లోని రుస్తాఖ్ ఊళ్లో, బజారు వెనక సందులో ఉన్న లేడీస్ టైలరింగ్ షాపులో రుఖయ్యాకు రెండు పనులు. ఒకటి బుర్ఖాల్లాంటి నల్ల అబాయాలు కుట్టడం. దానికి జీతం ఉంది. రెండోది కథ చెప్పడం. దానికి జీతం లేదు గానీ, ఒక్క రోజు మానేస్తే షాపులో అందరి ముఖాలూ మాడిపోతాయి.

ఈ రెండో ఉద్యోగం టీవీ పుణ్యాన వచ్చింది. షాపు యజమానురాలు ఒమానీ ఆవిడ, మంచి మనసున్న మనిషి. పనివాళ్లకు తోచుబడి కావాలని మూలన ఒక టీవీ పెట్టించింది. అందులో రోజూ ఒక తెల్లవాళ్ల సీరియల్ వచ్చేది. వాళ్ల మాటలు ఎవరికీ అర్థం కావు. అడుగున అరబీ అక్షరాలు పరుగులు తీస్తుండేవి. చిన్నప్పుడు రాయచోటిలో ఖురాన్ చదువుకున్న అలవాటుతో రుఖయ్యా వాటిని గడగడా చదివేసేది. చదవడం వచ్చు, అర్థం మాత్రం ఆమెకూ తెలియదు. ఆ సంగతి పైకి చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంత కథ జరిగేదీ కాదు.

"ఏమంటున్నడే ఆ ఎర్రగడ్డపోడు?" అని ఇస్త్రీ బల్ల దగ్గరి నుంచి శాంతవ్వ అడిగింది. ఆమెది జగిత్యాల వైపు పల్లె. ఉర్దూ అంతంతమాత్రం కాబట్టి షాపులో మాటలన్నీ తెలుగులోనే నడిచేవి.

రుఖయ్యా ఒక క్షణం తెర వైపు చూసి, మొహమాటం లేకుండా మొదలుపెట్టింది. "వాళ్లను వైకింగులంటారు శాంతవ్వా. యాడో మంచుదేశం నుంచి పడవల్లో వచ్చి, సముద్రం ఒడ్డున ఉండే ఊర్లను దోచుకొని పోతారు. ఆ పిల్ల ఉండాదే, తెరచాపలు కుట్టే ఆయప్ప కూతురు. పేరు మరియం. ఆ పిల్లను ఎర్రగడ్డపాయన ఎత్తుకొని పోతా ఉండాడు."

అంతే. ఆ రోజు నుంచి మరియం షాపులో నాలుగో మనిషి అయిపోయింది. శాంతవ్వ నోట్లో ఆమె మరియవ్వ. బొత్తాలు కుట్టే హైదరాబాద్ పిల్ల సానియాకైతే మరియం సొంత అక్క కన్నా ఎక్కువ. ఎర్రగడ్డపాయన పడవకు తెరచాప చిరిగితే మరియమే కుట్టాలి. ఏ సూది వాడిందో, దారానికి మైనం పట్టించిందో లేదో, కుట్టు రెండు వరసలు వేసిందో లేదో కూడా రుఖయ్యా పూసగుచ్చినట్టు చెప్పేది. కుట్టుపని తెలిసినవాళ్ల ముందు అబద్ధం చెల్లదు కదా. ఎర్రగడ్డపాయన మొదట్లో మొరటోడే. పోనుపోను మరియం కుట్టు వేస్తుంటే దీపం పట్టుకుని పక్కన కూర్చోవడం నేర్చుకున్నాడు.

ఒక రోజు టీవీలో ఆ పిల్ల చచ్చిపోయింది. శాంతవ్వ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి కొంగుతో కళ్లు తుడుచుకుంది. రుఖయ్యా లేచి టీవీ కట్టేసింది. "అది వాళ్ల కథ. మన మరియం నిక్షేపంగా ఉండాది, కూచో" అంది. ఆ తరవాత టీవీ మళ్లీ పెట్టిందీ లేదు, పెట్టమని ఎవరూ అడిగిందీ లేదు.

ఈ కథకు కిటికీ అవతల ఇంకో శ్రోత ఉన్నాడని వాళ్లకు ఆలస్యంగా తెలిసింది. రుస్తాఖ్‌లో చాలా ఇళ్లకు మంచినీళ్లు నీలం రంగు ట్యాంకర్లలో వస్తాయి. షాపుకు నీళ్లు తెచ్చే మజహర్‌ది కూడా రాయచోటి పక్కనే పల్లె. భార్య పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. పైపు పైకి విసిరి, మోటారు వేసి, కిటికీ కింద నీడలో నిలబడేవాడు. ఆడవాళ్ల షాపు కాబట్టి లోపలికి తొంగి చూసింది లేదు. చెవులకు మాత్రం ఏ తెరా అడ్డం రాదు.

ఒకసారి ట్యాంకు ఎప్పుడో నిండిపోయి, నీళ్లు గోడ మీద నుంచి ధారకట్టి, సందంతా బురదైపోయింది. సానియా కిటికీలోంచి తల పెట్టి, "మజహర్ భాయ్, మీరు నీళ్లు పట్టడానికి వచ్చారా, కథ వినడానికి వచ్చారా?" అంది.

మజహర్ కంగారుగా మోటారు ఆపాడు. కాసేపు పైపు చుట్టి, మళ్లీ విప్పి, మళ్లీ చుట్టాడు. చివరికి గోడకు చెప్పినట్టు, "పోయినసారి వాళ్ల పడవ మంచులో ఇరుక్కున్నింది. బయటపడిందా?" అని అడిగాడు.

లోపల నవ్వులు గుప్పుమన్నాయి. రుఖయ్యా కూడా నవ్వింది, కానీ మిషను మీద నుంచి తల ఎత్తలేదు. ఆ గొంతు ఆమెకు నచ్చింది. నచ్చిందని ఒప్పుకోవడానికి ఇంకొన్ని వారాలు పట్టింది. నీళ్లబండి వచ్చే రోజున కథ మంచి రసపట్టుకు వచ్చేలా చూసుకుంటోందని సానియా ముందే పసిగట్టింది.

ఇలా హాయిగా నడుస్తుండగా ఊరి నుంచి అన్న జావెద్ ఫోన్ చేశాడు.

"నీకు సంబంధం కుదిరింది రుఖయ్యా. మన పక్కూరోడే, మజహర్ అని, ఆడనే నీళ్లబండి తోల్తాడంట. వాళ్లక్క మిఠాయి తీసుకొని ఇంటికొచ్చింది. మాట ఇచ్చేసినా. రంజాన్ అయినాక నికా."

"నన్ను అడగల్యా భాయ్‌జాన్?"

"నిన్ను అడిగేదేముంది? మంచోడు."

మజహర్ చేసింది మర్యాద తప్పిన పనేం కాదు. పెద్దల ద్వారా అడగడమే వాళ్లలో పద్ధతి. కానీ రుఖయ్యా ఒళ్లు మండిపోయింది. మొదటి పెళ్లప్పుడు ఆమె ఇంకా చిన్న పిల్ల. ఖాజీ వచ్చి ఒప్పుకుంటున్నావా అని మూడుసార్లు అడిగితే, మేనత్త వెనక నుంచి ఆమె తల పట్టుకుని మూడుసార్లు వంచింది. ఆ తల ఊపింది రుఖయ్యా కాదు, మేనత్త చెయ్యి. ఆ మొగుడు జబ్బు చేసి పోయాడు, ఆ మేనత్తా పోయింది. మెడ మీద ఆ చెయ్యి బరువు మాత్రం ఆమెకు ఇంకా గుర్తే. ఈసారి కూడా అంతేనా అని ఏడుపొచ్చింది. అసలు బాధ ఏమిటంటే, అతనే వచ్చి అడిగి ఉంటే తను ఏమనేదో ఆమెకు బాగా తెలుసు.

కోపం ఎవరి మీద చూపించాలి? జావెద్ మీద చూపిస్తే వినడు. మజహర్ ఎదుటపడడు. దొరికినవాడు ఎర్రగడ్డపాయన. ఆ వారమంతా అతనికి శని పట్టింది. కాలుజారి సముద్రంలో పడ్డాడు. వీపు మీద సెగ్గడ్డలు లేచాయి. పడవలో అతని చేప ఒక్కటే కుళ్లిపోయింది. దీపం అంటుకుని గడ్డం సగం కాలింది.

"గట్లెట్లనే, మొన్ననే మంచోడైండంటివి గద?" అని శాంతవ్వ లబలబలాడింది.

"మంచోడే. మంచోడైతే మాత్రం?" అని రుఖయ్యా దారం పళ్లతో పుటుక్కున తెంపింది.

నీళ్లబండి వచ్చిన రోజున ఆమె కిటికీకి ఇంకొంచెం దగ్గరగా జరిగి కూర్చుంది. ఎర్రగడ్డపాయన మరియం దగ్గరికొచ్చి, నన్ను చేసుకుంటావా అని అడిగాడని చెప్పింది. సానియా చేతిలో బొత్తం జారిపోయింది. బయట మోటారు ఆగింది.

"మరియం ఏమనిందో తెలుసునా? నీ పడవలో, నీ సముద్రం మీద, నీ మనుషుల మధ్యలో పెట్టుకొని అడిగితే అది అడిగినట్టు కాదు. నేను కాదంటే ఈదుకుంటూ పోవాల్నా? ముందు నన్ను మా ఊరి ఒడ్డున దించు. దించి, పడవ తిప్పుకొని దూరంగా పో. నా ఒడ్డున నా కాళ్ల మీద నేను నిలబడుకొని ఉంటే, అప్పుడొచ్చి అడుగు."

"మరి దించిండా?" అంది శాంతవ్వ.

"నాకేం తెలుసు? వాడు ఇంకా ఆలోచిస్తా ఉండాడు" అంది రుఖయ్యా. ఆ తరవాత బండి మెల్లగా వెళ్లిపోయింది. ట్యాంకు సగమే నిండింది.

తెల్లారి జావెద్ ఫోన్‌లో నిప్పులు కక్కాడు. "ఆ మజహర్ మాట వెనక్కి తీసుకున్నాడు. ఆయమ్మను అడగకుండా మిమ్మల్ని అడగడం నా తప్పు, నికా లేదు ఏమీ లేదు, మాఫ్ చేయండి అన్నాడు. ఏం చేసినావు నువ్వు?"

"కథ చెప్పినా" అంది రుఖయ్యా.

ఫోన్ పెట్టేసి గోడకానుకుని నిలబడింది. గెలిచినట్టే ఉంది. మరియం అడిగినట్టే అతను ఒడ్డున దించి వెళ్లిపోయాడు. మళ్లీ రాకపోతే? అప్పుడొచ్చి అడుగు అన్న మాట అతని చెవిన పడిందో లేదో? ఆ తరవాత నీళ్లబండి వచ్చిన రోజున ఆమె పొద్దుటి నుంచీ తప్పుకుట్లే వేసింది. తీరా బండి మీద వచ్చింది వేరే డ్రైవరు. మజహర్ కొన్నాళ్లు దూరాన సరిహద్దు దగ్గరున్న బురైమి ఊరికి డ్యూటీ మీద పోయాడని ఆ డ్రైవరు చెప్పాడు.

షాపులో కథ ఆగిపోయింది. మరియం ఒడ్డున నిలబడి ఉంది. ఎర్రగడ్డపాయన వచ్చాడా అని శాంతవ్వ రోజూ అడిగేది. రుఖయ్యా ఏదో ఒక గాలివాన కల్పించి రోజులు నెట్టుకొచ్చింది. ఒక మధ్యాహ్నం ఇక తట్టుకోలేక మిషను మీద తల పెట్టి ఏడ్చేసింది. సానియాకు అంతా చెప్పేసింది. శాంతవ్వ అంతా విని, "గిదా సంగతి! నేనేమో మరియవ్వ కోసం ఏడుస్తున్న" అని ఆమె వీపు నిమిరింది.

ఆ నెల గడవకముందే, ఎండ నెత్తిన ఉన్న వేళ, సందు చివర ఒక పాత తెల్ల పికప్ బండి ఆగింది. మజహర్ దిగాడు. షాపు దాకా రాలేదు. సందుకు అవతలి పక్క, పిసరంత నీడ కూడా లేని చోట నిలబడ్డాడు. సానియా చూసి కేకేస్తే రుఖయ్యా గుమ్మంలోకి వచ్చింది.

"మీరు మీ ఒడ్డున ఉండారు, నేను దూరంగా ఉండా" అన్నాడు మజహర్. చెమటలు కారిపోతున్నాయి. "ఇప్పుడు అడగొచ్చునా?"

"ఇన్నాళ్లు యాడికి పోయినారు?"

"దూరంగా పొమ్మంటిరి కదా. బురైమి కన్నా దూరం డ్యూటీ దొరకల్యా."

రుఖయ్యాకు నవ్వాగలేదు. ఇన్నాళ్ల దుఃఖం ఆ నవ్వులోనే కొట్టుకుపోయింది. "అడగండి" అంది.

అతను అడిగాడు. మహర్‌గా ఏం కావాలో కూడా ఆమెనే చెప్పమన్నాడు. పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఇచ్చుకునేది కాబట్టి అదీ ఆమె ఇష్టమే. రుఖయ్యా అతని భుజం మీదుగా పికప్ వైపు చూసింది. "మరియం పడవ అడిగింది" అంది.

మజహర్ జేబులోంచి బండి తాళంచెవి తీసి చెయ్యి చాచాడు.

"నాకు తోలడం రాదు. పడవ నడపడం రానోళ్లకు పడవ ఇస్తే ఏం లాభం? నేర్చుకుంటా. లైసెన్స్ వచ్చినాక నికా."

డ్రైవింగ్ నేర్పే ఒమానీ ఆవిడ దగ్గర రుఖయ్యా నేర్చుకోవడం మొదలుపెట్టింది. వెనక్కి తోలుతూ డ్రమ్ముల మధ్య బండి పెట్టాలి, తగిలితే తప్పినట్టే. ఆమె తగిలించని డ్రమ్ము లేదు. ఆమె పరీక్షకు పోయిన ప్రతిసారీ మజహర్ గేటు బయట టీ గ్లాసు పట్టుకుని నిలబడేవాడు. ఆమె ముఖం వేలాడేసుకుని వస్తే, "తొందరేముంది? సముద్రం యాడికీ పోదు" అనేవాడు. జావెద్ ఊరి నుంచి ఫోన్ చేసి, డ్రమ్ముకూ నికాకూ సంబంధమేంటని గొణిగేవాడు. ఒక రోజు డ్రమ్ములన్నీ నిటారుగా నిలబడే ఉన్నాయి. ఆ రోజు షాపులో ఎవరూ ఒక్క కుట్టు కూడా వేయలేదు. యజమానురాలు హల్వా తెప్పించింది.

నికా యజమానురాలి ఇంట్లోనే జరిగింది. మొదటిసారి ఒప్పుకుంటున్నావా అని అడగగానే రుఖయ్యా మెడ దానంతటదే బిగుసుకుంది. వెనక ఏ చెయ్యీ లేదు. శాంతవ్వ పక్కన కూర్చుని వక్కపలుకు నములుతోంది, అంతే. "ఖుబూల్" అని రుఖయ్యా అన్నది మగవాళ్ల గది దాకా వినిపించింది. మిగతా రెండుసార్లు సందు చివరి దాకా వినిపించి ఉంటుంది.

సాయంత్రం పికప్‌లో ఆమె స్టీరింగ్ ముందు కూర్చుంది. పక్క సీట్లో కొత్త పెళ్లికొడుకు తలుపు పిడి గట్టిగా పట్టుకున్నాడు. వెనక సీట్లో శాంతవ్వ, సానియా. వాళ్లను రూమ్ దగ్గర దించి ఇంటికి పోవాలి. రౌండబౌట్ దగ్గర ఇంటి దారి కుడివైపు. ఎడమవైపు దారి తిన్నగా సువైఖ్ సముద్రానికి పోతుంది. రుఖయ్యా ఎడమకు తిప్పేసింది.

మజహర్ ఉలిక్కిపడి, పిడిని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. కొంత దూరం పోయాక రుఖయ్యాకే ఏదో గుచ్చుకున్నట్టయింది. బండి పక్కకు తీసి ఆపింది.

"ఏమాయెనే? పెట్రోల్ అయిపోయిందా?" అంది శాంతవ్వ.

రుఖయ్యా మొగుడి వైపు తిరిగింది. "మిమ్మల్ని అడగనే ల్యా. సముద్రానికి పోదామనుకుంటా ఉండా. వస్తారా?"

మజహర్ తలుపు పిడి వదిలేశాడు. "ఖుబూల్" అన్నాడు.

"గట్ల కాదు, మూడుసార్లు జెప్పాలె" అంది వెనక నుంచి శాంతవ్వ.

అతను మిగతా రెండుసార్లూ చెప్పేదాకా రుఖయ్యా బండి కదిలించలేదు.