చంద్రుడి గుంటలు, ఏటవాలు వెలుతురు

మొన్న టీవీలో చంద్రుడి నేలను దగ్గరగా చూపిస్తుంటే, మావారు కళ్ళజోడు సవరించుకుని, ఇది నిజందేనా, నువ్వు చేసింది కాదుగా అని అడిగారు. హాస్యానికే అన్నారు గానీ, ఆ మాటతో నా మనసు ఇరవై ఏళ్ళకు పైగా వెనక్కి, దేవరయాంజాల్‌లో ఒక పెద్ద ఇంటి ముందుగదిలోకి వెళ్ళిపోయింది. మా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళే రోజులవి.

మాది గుంటూరు వైపు. మావారి ఉద్యోగం కోసం కుత్బుల్లాపూర్ వచ్చి కాలనీలో రెండు గదుల వాటాలో కాపురం పెట్టాం. ఆయన పనిచేసే ఫ్యాక్టరీకి తాళం పడ్డాక, నేను ఒక శిక్షణ కేంద్రంలో చెప్పే ప్రోగ్రామింగ్ పాఠాలే ఇంటికి ఆధారమయ్యాయి. ఆ కేంద్రం కూడా మూతపడే స్థితికి వచ్చినప్పుడు, నా దగ్గర చదువుకున్న ఒకతను వచ్చి, తాను సొంతంగా పని మొదలుపెట్టానని, నన్ను చేరమని అడిగాడు. వాళ్ళది భూములున్న కుటుంబం. పాఠ్యపుస్తకాలు వేసే ఒక సంస్థ నుంచి బడి పిల్లల కోసం పాఠాల సీడీలు తయారుచేసే పని తెచ్చుకుని, తన ఇంటి ముందుగదిలోనే మూడు కంప్యూటర్లు పెట్టాడు. నేను బస్సులో కొంత, షేర్ ఆటోలో కొంత ప్రయాణం చేసి రోజూ వెళ్ళేదాన్ని.

వాళ్ళ నాన్నగారికి ఈ పని మీద నమ్మకం లేదు. చుట్టూ పొలాలన్నీ ప్లాట్లవుతున్న కాలం, కొడుకు ఆ వ్యాపారంలోకి రావాలని ఆయన కోరిక. ఒకరోజు గడప దగ్గరే నిలబడి, "దసరా దాక చూస్త. అటెన్క గీ డబ్బలన్నీ అటక మీద పెట్టి నాతోని ప్లాట్ల కాడికి రావాలె" అని చెప్పేశారు. అతనికి తండ్రి మాట, నాకు ఇంటి బియ్యం, రెండూ ఆ సీడీ మీదే ఆధారపడ్డాయి.

సీడీలో ఒక పాఠం చంద్రుడి మీద. ఫొటోలు వాడుకోవడానికి అనుమతి దొరకలేదు, చేత్తో వేయించిన బొమ్మలు పాఠ్యపుస్తకాల వాళ్ళకు నచ్చలేదు. అప్పుడు, చంద్రుడి నేలను ప్రోగ్రాంతోనే పుట్టిద్దామని నేను అన్నాను. అనడం తేలికే. నేలను చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడికి ఒక ఎత్తు ఇచ్చి, ఉల్క పడ్డ చోటల్లా ఎత్తు తగ్గించి గుంట చేసి, దాని చుట్టూ కొంచెం గట్టులా లేపాలి. ఆపైన సూర్యుణ్ణి ఒకచోట నిలబెట్టి, ఏ గడి మీద ఎంత వెలుతురు పడుతుందో లెక్క కట్టించాలి. బొమ్మ తెర మీద పైనుంచి కిందికి ఒక్కో గీతగా దిగేది. సగంలో కరెంటు పోతే మళ్ళీ మొదటికి వచ్చేవాళ్ళం.

మొదటి బొమ్మ పూర్తయినప్పుడు నాకే నవ్వొచ్చింది. అచ్చం గుంతపొంగణాల పెనంలా ఉంది. గుంటలన్నీ ఇంచుమించు ఒకే సైజు, ఒకదానికొకటి తగలకుండా బుద్ధిగా కూర్చున్నాయి, ఎందుకంటే తగలకూడదని ప్రోగ్రాంలో నేనే రాశాను. అతను తల గోక్కుంటూ, "మీద మీద పడనీయుండ్రి మేడం. గా పైకెల్లి రాళ్ళు పడేటప్పుడు ఖాళీ జాగ చూసుకొని పడ్తయా ఏంది?" అన్నాడు. నిజమే కదా అనిపించింది. పెద్దవి కొన్ని, చిన్నవి లెక్కలేనన్ని వచ్చేట్టు, కొత్త గుంట పాత గుంట గట్టును విరగ్గొట్టేట్టు మార్చాను. ముందుకంటే మేలే గానీ, ఇంకా ఎక్కడో ప్రాణం లేదు. తడి సిమెంటు మీద వేళ్ళతో పొడిచినట్టు చదునుగా ఉంది. వారం పైగా అదే తంటా. దసరా దగ్గరపడుతోంది.

ఆ ఇంట్లో వాళ్ళ అవ్వ ఉండేది, అంటే అతని నాయనమ్మ. చిన్నప్పుడు స్ఫోటకం సోకి బతికిన మనిషి, ముఖమంతా మచ్చలు. రోజూ పొద్దున్నే ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుని చింతపండు గింజలు తీసేది. గోడల నిండా ఆ ఇంటివాళ్ళ ఫొటోలుండేవి, ఒక్కదాంట్లోనూ అవ్వ లేదు. కొడుకు పెళ్ళిలో కూడా ఫొటోగ్రాఫర్ వస్తుంటే వంటింట్లోకి వెళ్ళిపోయిందట.

ఒక పొద్దున నేను తెర మీంచి తలెత్తేసరికి కిటికీలోంచి ఎండ అవ్వ చెంప మీద పక్కవాటుగా పడుతోంది. ఒక్కో మచ్చకూ ఒక అంచు మెరుస్తోంది, లోపల చిన్న నీడ. నా బొమ్మలో సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు, నీడ ఎక్కడినుంచి వస్తుంది? చప్పున చూపు తిప్పుకున్నాను. ఒక మనిషి ముఖాన్ని అలా పరీక్షగా చూసినందుకు ఇబ్బందిగానే అనిపించింది. కానీ చేతులు ఆగలేదు. సూర్యుణ్ణి నేల అంచుకు దించి ప్రోగ్రాం మళ్ళీ నడిపించాను.

గీత తర్వాత గీత దిగుతుంటే ఇంట్లోవాళ్ళంతా వెనక చేరారు, నాన్నగారితో సహా. గుంటలు లోతెక్కాయి, గట్లు లేచాయి, నీడలు సాగాయి. అవ్వ చింతపండు చేట పక్కనపెట్టి దగ్గరకొచ్చి వంగి చూసింది.

"గిదేంది బిడ్డా, నా మొఖం తీరుగనే ఉన్నది గద?"

మనవడు కంగారుపడి, "ఊకో అవ్వా, అది చంద్రుడు" అన్నాడు.

"అయితె చంద్రునికి గూడ అమ్మోరు వోసిందన్నట్టు" అని అవ్వ పెద్దగా నవ్వింది. ఆమె అలా నవ్వడం నేను అంతవరకు చూడలేదు.

బొమ్మలు నచ్చాయని పాఠ్యపుస్తకాల వాళ్ళ నుంచి కబురొచ్చింది. నాన్నగారు అటక మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ సంతోషంలో ఉండగానే ఒక పొద్దున అవ్వ ఉతికిన నేత చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని గదిలోకొచ్చి, తన ఫొటో తీయమంది. మనవడు కెమెరా పట్టుకుని తడబడ్డాడు. కిటికీకి ఎదురుగా తిరిగి కూర్చుంటే మచ్చలు అంతగా కనబడవని నాకిప్పుడు తెలుసు కాబట్టి, అలా కూర్చోమని చెప్పాను. అవ్వ కదల్లేదు.

"ఎట్లున్ననో అట్లనే దియ్యుండ్రి. దాసుకొని దాసుకొని యాష్టకొచ్చింది."

పక్కవాటు ఎండలోనే తీశాడు.

ఆ పని ఇంకో నాలుగైదేళ్ళు సాగింది. తర్వాత ఇంటర్నెట్ ఇంటింటికీ వచ్చి సీడీలు అడిగేవాళ్ళు లేకపోయారు. అతను చివరికి ప్లాట్ల వైపే వెళ్ళాడు, నేను దుండిగల్ దగ్గర ఒక కాలేజీలో చేరి అక్కడే రిటైరయ్యాను. మధ్యలో అవ్వ పోయింది. కబురందుకుని వెళ్ళినప్పుడు నట్టింట్లో దండ వేసి ఉన్నది ఆ ఫొటోయే. ఇంకోటి లేదు కదా.

ఇప్పుడు అలాంటి చంద్రుడి నేలలు కంప్యూటర్‌కు ఒక మాట చెబితే రెప్పపాటులో వస్తున్నాయట, మంచిదే. నా ఫోన్‌తో ఫొటో తీసుకుంటే అది అడగకుండానే ముడతలు సర్ది, మచ్చలు చెరిపి చూపిస్తుంది. పెళ్ళిళ్ళలో దిగిన ఫొటోలు చూసుకుంటే అందరి ముఖాలూ నున్నగా ఒకేలా ఉంటాయి, నాదీ అంతే. ఆ చెరపడం ఆపాలని నేనడిగితే మా అమ్మాయి మీట ఎక్కడుందో చూపించింది, ఆపేశాను. వేరే ఎవరూ దాని జోలికి పోరట.