మూడో మేకు

బోద్రుమ్ రేవుకు పడవలో రెండు గంటల దూరంలో, ముప్పై మీటర్ల లోతున మునిగి ఉన్న పాత ఓడకు నెరిమాన్ పదకొండు వేసవులుగా పటం గీస్తోంది. సముద్రం అడుగున స్పాంజీలు కోసే గజఈతగాడి కూతురామె. మెచ్చుకోలు అరుదైన ఇంట్లో పెరిగింది. అడుగున దిగగొట్టిన మూడు మేకుల నుంచి టేపు పట్టి, ఓడలోని ప్రతి జాడీ దూరాన్నీ ప్లాస్టిక్ రేకుపై పెన్సిల్‌తో రాసుకోవడం ఆమె పద్ధతి. మునకకు ఇరవై నిమిషాలే గనుక, రోజుకు నాలుగు జాడీలకు మించి తెమిలేవి కావు.

ఆ ఏడు ఇజ్మీర్ నుంచి దెఫ్నె అనే అమ్మాయి వచ్చింది. కెమెరా పట్టుకుని ఓడ మీదుగా రెండుసార్లు ఈదింది. సాయంత్రానికి ఆ ఫొటోలన్నీ కలిసి కంప్యూటర్ తెరపై ఓడ మొత్తం పటంగా ప్రత్యక్షమైంది. పడవలోని వారందరూ టీ గ్లాసులతో సహా అక్కడే మూగారు. నెరిమాన్ తన రేకులు సర్దుకుంటూ దూరంగానే కూర్చుంది.

"అక్కా, నువ్వూ వచ్చి చూడవా?" అంది దెఫ్నె.

"పెళ్ళి ఫొటోలా బాగానే ఉంది. కొలతల సంగతేమిటి?"

వంటవాడు రజెప్ పకపకా నవ్వాడు. "పిల్ల ఒక్క పూటలో చేసింది, నీకు పదకొండేళ్ళు! నువ్వూ ఓ పురావస్తువువే నెరిమానూ."

"నీ పప్పు ఉడకడానికీ అంతే పడుతోందిగా!"

రెండు పటాలనూ పక్కపక్కన పరిస్తే, తూర్పు కొసన పన్నెండు జాడీలు జానెడు తేడాగా కనిపించాయి. తవ్వకాల పెద్ద హిక్మెత్ ముఖం చిట్లించాడు. "ఎల్లుండి వాటిని పైకి తీయాలి. కదిపాక వాటి చోటు మళ్ళీ దొరకదు. ఏ పటం నిజమో ముందు తేల్చండి."

"నేను తేలుస్తాను," అంది నెరిమాన్. ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోయింది.

మర్నాడు దిగి కొలిచింది. మొదటి మేకు నుంచి పట్టిన కొలత దెఫ్నె పక్షాన పలికింది, రెండోదీ అంతే. మూడో మేకును పట్టుకోగానే పాలపన్నులా ఊగింది. రాతిలో దిగిందనుకున్నది ఇన్నాళ్ళూ సముద్రపు గడ్డి వేళ్ళలో నిలిచి, మెల్లగా ఒరిగిపోయింది. దాన్ని కొట్టింది తానే. తూర్పు కొస జాడీలను గీసింది ఎక్కువగా దాన్ని నమ్ముకునే. టేపు రెండో కొస పట్టుకున్న తోటి ఈతగాడు అటు తిరిగి ఉన్నాడు. మేకును పెరికి పారేస్తే, ఎవరి లంగరో లాగేసిందని సరిపెట్టవచ్చు. ఆమె చెయ్యి దానిపై చాలాసేపు ఆగింది. తరువాత రేకు తీసి ఒరుగుదలను కొలిచి రాసుకుంది.

"ఎవరిది తప్పు?" అన్నాడు హిక్మెత్, ఆమె పైకి రాగానే.

"నాది. మూడో మేకు ఒరిగింది. ఈ అమ్మాయి పటం ప్రకారమే తీయండి."

"అక్కా, నువ్వు కొలిచి చెప్పకపోతే నా మాట ఎవరు నమ్మేవారు?"

"ఓదార్చకు. అసలే ఒళ్ళు మండుతోంది."

పన్నెండు జాడీలను చెరిపి, సరైన చోట మళ్ళీ గీసింది. పటం మూలన దిద్దినవారి పేరు రాయాలి. 'దెఫ్నె' అని రాస్తుంటే పెన్సిల్ ములికి విరిగింది. చెక్కుకుని, గుండ్రటి అక్షరాలతో పూర్తిచేసింది.