బావ చెయ్యి, నా కంపైలర్

ఆ రోజుల్లో నాకు ఆకలి కంటే అసూయ ఎక్కువ. ఆకలైతే మేం వలస వచ్చిన ఊళ్లో, ఉధ్నా స్టేషన్ బయట రెండు వడాపావ్‌లతో తీరేది. అసూయకు అలాంటి బండి ఎక్కడా కనిపించలేదు. దానికి కారణం మా బావ, అంటే మేనత్త కొడుకు. నాకంటే ఏడాది పెద్ద, రెండంగుళాలు పొడుగు, నవ్వితే బుగ్గ మీద సొట్ట. (ఆ సొట్ట కోసం నేను కొన్నాళ్లు బుగ్గలో పెన్సిలు గుచ్చుకుని పడుకున్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.) మా అమ్మకు కూర మాడినా బావే గుర్తొచ్చేవాడు. "వాని చెయ్యి బంగారం రా, వాడు నీళ్లు పోస్తే ఎండిన తులసి గూడ చిగురువెట్టింది" అనేది. నేను పోసిన నీళ్లకు ఆ తులసి ఎందుకు ఎండిందో మాత్రం చెప్పేది కాదు.

మేమిద్దరం ఒకేరోజు ఒకే ఆఫీసులో చేరాం. చీరల డిజైన్ల సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఆ ఆఫీసు యజమానీ మా తెలంగాణ మనిషే. మగ్గాల మీద బతికి, షెడ్డు పెట్టి, ఆ పైన కంప్యూటర్లలోకి వచ్చినవాడు. అందరూ సేఠ్ అనేవాళ్లు. చేరిన రోజే చెప్పేశాడు: "ఇద్దర్ని తీస్కున్న గని, మూడు నెలలైనంక ఒక్కన్నే ఉంచుత. జర దిమాగ్ పెట్టి చెయ్యున్రి." ఆ ఒక్కడూ బావ కాకూడదన్నదే అప్పటికి నా జీవితాశయం.

పరీక్ష కూడా తొందరగానే వచ్చింది. ఆఫీసులో ప్రతి ప్రాజెక్టుకూ అవే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను మళ్లీ మళ్లీ దించుకుంటుంటే డిస్కులు నిండిపోయేవి. అన్నీ ఒకేచోట పెట్టి, అందరూ అక్కడి నుంచే వాడుకునేలా ఉమ్మడి గిడ్డంగి ఒకటి తయారుచేయాలి. ముందు ఎవరి మెషీన్ మీద వాళ్లు చేసి చూపించమన్నాడు సేఠ్. బావ మీట నొక్కాడు, టీ తాగి వచ్చేసరికి గిడ్డంగి సిద్ధం. నేను నొక్కాను, తెర నిండా ఎర్ర అక్షరాలు. మళ్లీ నొక్కాను, మళ్లీ ఎరుపే.

"ఏంది రా, మిర్చి ఆరవోసినట్లు గిట్ల చేసినవ్?" అన్నాడు సేఠ్. తర్వాత బావ భుజం తట్టి, "చెయ్యి అంటే గిది!" అన్నాడు.

ఇక్కడో మాట చెప్పాలి. పడుగు నూలు చుట్టిన కొత్త బీము మగ్గమెక్కినప్పుడు మొదటి పోగును హస్తవాసి ఉన్నవాడి చేతే అతికించడం మా మగ్గాల షెడ్ల ఆనవాయితీ. అలాంటి మనిషి కోసం ఊరి చివర భేస్తాన్ దాకా ఆటో పంపిన సందర్భాలున్నాయి. సేఠ్ ఆ ఆనవాయితీని మగ్గాలతోపాటు షెడ్డులో వదిలేయకుండా ఆఫీసుకు తెచ్చాడు. ఆ రోజు నుంచి ఎవరు కొత్త పని మొదలుపెట్టినా మీట నొక్కడానికి బావను పిలిచేవారు. బావ చొక్కా చేతులు మడుచుకుని, పెళ్లికొడుకు నడకతో వచ్చి నొక్కిపోయేవాడు.

చివరికి సిగ్గు విడిచి, నా మెషీన్ మీద కూడా నొక్కమన్నాను. బావ నొక్కాడు. ఎరుపే! అంత సంతోషం నాకు పది పాసైనప్పుడు కూడా కలగలేదు. కానీ సేఠ్ అటే వెళ్తూ ఆగి, "చెయ్యి మంచిదే, మెషీనే మన్‌హూస్, అచ్చిరానిది" అని తేల్చేశాడు.

మర్నాడు బావ అన్నానికి వెళ్లినప్పుడు అతని కుర్చీలో కూర్చుని, గిడ్డంగిని తీసేసి, నా చేత్తో నొక్కాను. చక్కగా తయారైంది. అంటే గుణం చేతిలో లేదు, మెషీన్‌లో ఉంది! వెంటనే నా చోటుకొచ్చి ఆ ఎర్ర అక్షరాలన్నీ చదవడం మొదలుపెట్టాను. అందరూ చివరి వాక్యమే చూసేవాళ్లు. అందులో 'విఫలమైంది' అన్న ఏడుపు తప్ప ఏమీ ఉండదు. అసలు వార్త ఎక్కడో పైన, నలభై వరుసల వెనక, చిన్న మాటగా ఉంది: కంపైలర్ దొరకలేదు. ప్యాకేజీల్లో చాలావరకు చుట్టిన బీముల్లా సిద్ధంగా వస్తాయి. ఒకటి రెండు మాత్రం ఉత్త నూలులా వస్తాయి. వాటిని మన మెషీన్ మీదే తయారుచేసుకోవాలి, దానికి కంపైలర్ లాంటి పనిముట్లు కావాలి. బావ మెషీన్‌లో అవి ముందునుంచే ఉన్నాయి, అంతకుముందు అక్కడ కూర్చున్న మనిషి వేసుకున్నవి. నా మెషీన్‌లో లేవు. అంతే సంగతి.

పరుగెత్తుకెళ్లి, "చెయ్యి కాదు సేఠ్, కంపైలర్!" అన్నాను.

"అయితే పెద్ద మెషీన్ల ఎయ్ మరి, చూస్త" అన్నాడు.

ఆఫీసంతా వాడుకోవాల్సిన పెద్ద మెషీన్‌లో పనిముట్లన్నీ వేసి, ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని, తల దువ్వుకుని నిలబడ్డాను. సేఠ్ కొబ్బరికాయ కొట్టి, అందరి ముందూ పిలిచాడు... బావను.

బావ కదల్లేదు. "పని బామ్మర్ది చేసిండు సేఠ్, ఆన్నే నొక్కనియ్యున్రి."

"పని ఎవడన్న చేస్తడు రా. చెయ్యి అందరికి ఉంటదా?"

బావ నొక్కాడు. గిడ్డంగి ఒక్క ఎర్ర అక్షరం లేకుండా తయారైంది. అందరూ చప్పట్లు కొట్టారు, పేడా మిఠాయి ముందు బావ నోట్లోనే పడింది. మూడు నెలల గడువు తీరగానే బావను ఉంచుకుని నన్ను పంపించేశాడు సేఠ్. పంపిస్తూ మాత్రం, "ఎర్రర్‌ను మొదటికెళ్లి ఆఖరిదాంక సదివినోన్ని నిన్నొక్కన్నే చూసిన. నువ్వు పేపర్ల చేరు రా, బాగుపడ్తవ్" అన్నాడు. తిట్టాడనుకున్నాను. తర్వాత నిజంగానే పేపర్లో చేరాను. అసలు వార్తను నలభై వరుసల కింద పాతిపెట్టే విలేకరులను చూసినప్పుడల్లా ఆ తెరే గుర్తొచ్చేది.

మొన్న ఇంటికి కొత్త కంప్యూటర్ కొన్నాను. కావాల్సినవన్నీ వేసుకుని, సరిచూసుకుని, మీట మీద వేలు పెట్టి ఆగిపోయాను. ఎందుకో మనసొప్పలేదు. ఫోన్ తీసి బావను పిలిచాను. భేస్తాన్ నుంచి బస్సెక్కి వచ్చాడు, నెరిసిన మీసం తడుముకుంటూ చొక్కా చేతులు మడిచాడు.

"కంపైలర్ ఏసినవా బామ్మర్దీ?" అన్నాడు నవ్వుతూ. సొట్ట ఇంకా అక్కడే ఉంది.

"ఏసిన గని, నువ్వే నొక్కు బావా" అన్నాను.