మెట్రో పిల్లర్లకు నీళ్లు

జూన్‌లో బడి తెరిచిన రోజున ఒకటో తరగతిలో ఒక పాపను నోటి మీద వేలేసుకోమన్నాను. తియ్యమని చెప్పడం మరిచిపోయాను. తర్వాత జరిగిందంతా దానివల్లే.

చిక్కడపల్లిలో ఒక చిన్న బడిలో నేను తెలుగు టీచర్ని. ఆ పాప వచ్చిన మొదటి గంటలోనే నన్ను మూడు ప్రశ్నలు అడిగింది. ఫ్యాను ఎందుకట్ల కొట్టుకుంటది? నీ సంచిల ఏమున్నది? నీ ముందు పన్నుకు ఏమైంది? మొదటి రెండింటికీ ఓపిక పట్టాను. నా ముందు పన్ను సగం విరిగి ఉంటుంది, దాని సంగతి మా ఇంట్లోవాళ్లు కూడా ఎత్తరు. ఒళ్లు మండి, "నోటి మీద వేలేస్కో!" అని అరిచాను. క్లాసులో నలభై మందీ నవ్వారు. సాయంత్రానికి వేలు దిగింది గానీ మాట మాత్రం పోయింది. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది, అంతే.

వాళ్లది మహబూబ్‌నగర్ వైపు ఊరు. తండ్రి మేస్త్రి, తల్లి ఇటుకలు మోస్తుంది. కవాడిగూడలో కడుతున్న అపార్ట్‌మెంటు పక్కనే రేకుల షెడ్డులో ఉంటారు. నాలుగింటికి బడి వదిలినా తల్లి పని దిగి వచ్చేసరికి ఆరవుతుంది. అందాకా పాప మా బడి వరండాలో ఆయమ్మ దగ్గర కూర్చునేది.

సెప్టెంబరులో మా హెడ్మాస్టరు సారు తేల్చి చెప్పేశారు. "మేడం, ఎగ్జిబిషన్ రోజు దాక చూస్త. అప్పటికి నోరు తెరవకుంటె యూకేజీల కూసోబెడ్త."

ఆ సాయంత్రం తల్లి సిమెంటు చేతులతోనే నా దగ్గరికి వచ్చింది. "చిన్న క్లాసుల ఏస్తె వాళ్ల నాయిన దీన్ని ఊరికి పంపిస్తడు మేడం. ఇంట్ల అయితే దీని నోరు ఆగదు. ఈడ ఏమైతదో తెల్వది. జర మీరే మాట్లాడిపియ్యండి" అంది. తప్పకుండా అన్నాను. నోరు మూయించింది ఎవరో మాత్రం చెప్పలేదు.

ఇక ఎగ్జిబిషన్ సంగతి. క్రాఫ్టు టీచరు వేరే బడికి వెళ్లిపోవడంతో ఆ పీరియడు కూడా నా నెత్తిన పడింది. నాకు కత్తెర పట్టడం రాదని మొత్తుకున్నాను. "మీ చేతిరాత మంచిగుంటది కద మేడం" అన్నారు సారు. చేతిరాతకీ కత్తెరకీ ఏమిటి సంబంధం అని అడిగితే టీ తెప్పించారు. ఆయన ఫోన్‌లో ఏదో వీడియో చూశారు, అందులో ఎక్కడివాళ్లో తెల్లపిల్లలు అట్ట గొట్టాలతో గుడ్లగూబలు చేస్తున్నారు. మర్నాడే ఇళ్లకు కాగితం వెళ్లింది: 'ప్రతి విద్యార్థి వాడిపడేసిన టాయిలెట్ పేపరు రోల్ లోపలి గొట్టాలు ఆరు తేవలెను.' కింద సంతకం నాది.

మొట్టమొదట నల్లకుంట నుంచి ఒక పిల్లాడి తాతగారు ఆ కాగితం పట్టుకుని వచ్చారు.

"మేడం, మా ఇంట్ల బోరున్నది. నల్లా వస్తది. సంపు నిండ నీళ్లున్నయి. మాకు ఈ కాయితం కర్మ ఏంది?"

"అది కాదండీ, లోపల అట్ట గొట్టం ఉంటది కద..."

"మీ ఇంట్ల వాడ్తరా?"

పక్కనే ఉన్న ఆయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇంత జరిగినా మా పిల్లల తల్లిదండ్రులు బడి మాట కాదనరు. వాడేసినవి ఎవరింట్లోనూ లేవు కాబట్టి, సూపర్ మార్కెట్‌కి వెళ్లి కొత్తవి కొన్నారు. ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని విప్పారు. "మా పిల్లగాడు కొస పట్టుకొని బాల్కనీ దాక ఉరికిండు మేడం" అని ఒకామె మురిసిపోతూ చెప్పింది. విప్పిన కాగితం కూడా మూటగట్టి తెచ్చింది. "పడేస్తె పాపం గద, మీరే ఏమన్న చెయ్యండి" అంటూ నా చేతిలో పెట్టింది. ఆమెను చూసి మిగతావాళ్లూ తెచ్చారు. వారం తిరిగేసరికి వరండా మూలన బియ్యం సంచుల్లో మనిషెత్తు కాగితం. పనికిరాని వస్తువుతో పనికొచ్చేది చెయ్యడం ఎగ్జిబిషన్ ఉద్దేశం. మేం ముందు పనికొచ్చే కాగితాన్ని పనికిరాకుండా చేశాం.

గుడ్లగూబలు నావల్ల కాదని మెట్రో కట్టిద్దామనుకున్నాను. బడి గేటు దాటితే తలమీదే పోతుంది కాబట్టి పిల్లలకు తెలిసిన వస్తువు. నిలబెట్టిన గొట్టాలే పిల్లర్లు, పైన అట్టముక్కలు పరిస్తే పట్టాలు, టూత్‌పేస్టు డబ్బాలు రైలు. చిన్న గొట్టాలు ఎత్తు చాలవని పెద్దవాటి కోసం నేనే బయల్దేరాను. నారాయణగూడలో బట్టల కొట్టాయన గుడ్డ తానులు చుట్టి వచ్చే గొట్టాలు నాలుగు ఇచ్చాడు. అశోక్‌నగర్ హాస్టళ్లలో సర్కారీ కొలువులకు చదివే పిల్లలు గోడల మీద పటాలు అంటించుకుంటారు, అవి వచ్చేది అట్ట గొట్టాల్లోనే. ఒకతను మూడు గొట్టాలు తెచ్చిచ్చి, "గిండ్ల భారతదేశం ఉండె అక్కా, గిండ్ల తెలంగాణ, గిది ప్రపంచం. జర పైలం" అన్నాడు. ప్రపంచాన్ని చంకలో పెట్టుకుని ఆటో ఎక్కాను.

పెద్దవి ముక్కలు కోసి, చిన్నవి ఒకదాని మీద ఒకటి పేరిస్తే వరండా పొడుగునా ఇరవై రెండు పిల్లర్లు లేచాయి. మైదాపిండి ఉడకబెట్టిన జిగురుతో అంటించి, బూడిద రంగు పూశాం. వెనకాల గోడకు వేసవిలోనే కొత్తగా ప్లాస్టరింగ్ చేయించారు గానీ వానలకే పగుళ్లు తేలాయి. అవి కనబడకుండా సారు తన ఫోటో ఉన్న ఫ్లెక్సీ కట్టించారు.

మిగతా పిల్లలు జిగురు నాకుతుంటే ఆ పాప మాత్రం పనిచేసింది. గొట్టాలు కదలకుండా పట్టుకునేది. ఒకరోజు దారానికి రాయి కట్టి, పిల్లరు పక్కన వేలాడదీసి, ఒంటికన్ను మూసి చూసింది. ఆటలొద్దని ఆ దారం లాక్కున్నాను. ఇంకోరోజు ఒక చిన్న గొట్టాన్ని మైకులా నా నోటి దగ్గర పెట్టుకుని "హలో, హలో" అని తన చేతికిచ్చాను. అందులోంచి నన్ను కాసేపు చూసి మర్యాదగా తిరిగిచ్చేసింది. మాట్లాడకుండానే ఇంత మాట అనగలదా ఈ పిల్ల అనిపించింది.

ఎగ్జిబిషన్ రోజు తొమ్మిదింటికి బడికి వెళ్లాను. పదింటికి తల్లిదండ్రులు వస్తారు. వరండా ఎక్కేసరికి ఇరవై రెండు పిల్లర్లకూ తెల్లటి కట్లు! కాలు విరిగిన మనిషికి కట్టినట్టు, కింది నుంచి పైదాకా టాయిలెట్ పేపరు చుట్టి, దారంతో బిగించి ఉంది. అంతా తడి. గొట్టాలు మెత్తబడి వంగాయి. పట్టాలు మధ్యలో ఊయలలా జారాయి, రైలు నారాయణగూడ స్టేషన్ దగ్గర బోర్లా పడుంది.

"ఎవరు చేసిన్రిది?" అని అరిచాను. ఆయమ్మ తన పిల్లల మీద ఒట్టేసింది. అయిదో తరగతివాళ్ల పనే అనుకుని వాళ్లను వరసగా నిలబెట్టి కడిగేశాను. వాళ్లు చెయ్యని తప్పులు కూడా నాలుగు ఒప్పుకున్నారు గానీ ఇది మాత్రం తెలియదన్నారు. కోపంతో మొదటి పిల్లరు కట్టు పట్టుకుని లాగబోయాను.

"ఇప్పకు!"

ఆ గొంతు ఎవరిదో నాకు తెలియలేదు. మూడు నెలల్లో మరిచిపోయాను.

"ఇప్పకు మేడం! ఇంక పచ్చిగనే ఉన్నది!"

పాప నా చెయ్యి పట్టుకుని ఆపింది. కట్టు వదిలేసి అడిగాను. "నువ్వా చుట్టింది?"

"ఆఁ. గోనెపట్టలు లెవ్వు. గందుకే గా కాయితం చుట్టిన."

"నీళ్లెందుకమ్మా?"

"కొత్త సిమెంటుకు నీళ్లు కొట్టకుంటె పిల్లరు పగుల్తది గద! ఏడు దినాలు కొట్టాలె అంటడు మా నాయిన. నువ్వు ఒక్క దినం గూడ కొట్టలే. నేను రోజు సూసిన. ఇయ్యాల మందొస్తరు, మీద పడ్తదని నిన్న ఆయమ్మ క్లాసులు ఊడ్వ పోయినప్పుడు నేనే కొట్టిన."

రోజూ సాయంత్రం ఆ వరండాలో కూర్చుని, నేను నీళ్లు కొడతానేమోనని ఎదురుచూసిందన్నమాట. చెబుదామంటే నోటి మీద వేలు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గు కూడా వేసింది, దాచుకోను.

అంతలో సారు వచ్చారు, వెనకే నల్లకుంట తాతగారు, మరికొందరు. "ఏందిది మేడం? మెట్రోకు ఏమైంది?" అన్నారు. చెప్పిందంతా పాపే. కంకర, ఇసుక, సిమెంటు ఏది ఎంత కలపాలో కూడా చెప్పింది.

సారు నోరు తెరుచుకుని విన్నారు. "అది అట్ట బిడ్డా, సిమెంటు కాదు" అన్నారు చివరికి.

పాప వంగి పిల్లర్ని వేలితో నొక్కి చూసింది. వేలు లోపలికి పోయింది. "మరి సిమెంటు రంగెందుకు ఏసిన్రు?" అంది. అక్కణ్ణుంచి గోడ దగ్గరికి వెళ్లి, సారు ఫోటో ఉన్న ఫ్లెక్సీ మూల ఎత్తింది. "గిది సిమెంటే గద సార్? దీనికి గూడ కొట్టలే. సూడు, ఎట్ల పగిలిందో."

"పోరి కరెక్టే చెప్పింది సారూ" అన్నారు తాతగారు. పిల్లర్ల వంక చూసి, "మొత్తానికి గా కాయితం పనికొచ్చింది" అని కూడా అన్నారు.

మధ్యాహ్నం దాకా ఆ కూలిన మెట్రో పక్కన నిలబడి, వచ్చినవాళ్లందరికీ పాప అదే పాఠం చెప్పింది. యూకేజీ మాట సారు మళ్లీ ఎత్తలేదు.

ఆరింటికి తల్లి వచ్చింది. మాట్లాడిందని చెప్పాను. ఏం మాట్లాడిందో విని ముందు భయపడి, తర్వాత కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అప్పుడు ఆ మొదటి రోజు సంగతి కూడా చెప్పేశాను. నోటి మీద వేలేసుకోమంది నేనేనని, తప్పు నాదేనని. తిడుతుందనుకున్నాను.

"గంతేనా మేడం?" అంది. "నేను దినాం పదిసార్లు అంట, నోరు మూస్కోవే అని. నా మాట ఒక్కనాడు ఇనలే. మీరంటె ఎంత ఇష్టం లేకుంటె మూడు నెలలు ఇంటది?"

మర్నాడు హాజరు పిలుస్తుంటే మూడో బెంచీలోంచి ఆ గొంతు మళ్లీ లేచింది. "మేడం, నీ ముందు పన్నుకు ఏమైంది?"

రిజిస్టరు మూసి చెప్పాను. చిన్నప్పుడు ముషీరాబాద్‌లో మా అన్న సైకిలు దొంగతనంగా తొక్కి, మలుపులో కరెంటు స్తంభానికి గుద్దాను, అప్పుడు విరిగింది. పాప శ్రద్ధగా విని, ఒంటికన్ను మూసి నా పన్ను వంక చూసింది.

"సిమెంటు పెట్టిచ్చుకో మేడం. కాని ఏడు దినాలు నీళ్లు కొట్టాలె."

నలభై మందీ నవ్వారు. నేనూ నవ్వాను, పన్ను కనబడేలా.