సున్నం గీత అవతలి పట్టా

ఇవాళ పొద్దున్న మా పాత ఇనుము కొట్టు ముందు ఒకాయన ఆటోలోంచి రైలు పట్టా ముక్క దించాడు. అది నేల మీద ఖంగుమంది. ఆ చప్పుడు వింటే ఇప్పటికీ నాకు కాలు ఒకచోట నిలవదు. వీరన్న గారు గుర్తొస్తారు.

నాకు ఈ పని నేర్పిన యజమాని ఆయన. నిడదవోలు అవతల వాడకం మానేసిన రైలు పట్టాలను వేలంలో పాడుకున్నారు. గ్యాస్‌తో కోసేవాణ్ణి నేను. ఆయనదొక చాదస్తం. కోత మొదలెట్టే ముందు, తాను పాడుకున్న మేర ఎక్కడ ముగుస్తుందో అక్కడ పట్టా మీద తడి సున్నంతో స్వయంగా అడ్డగీత గీసేవారు. "గీతకి ఇవతలిదే మనదండి. అవతల గడ్డిపరకైనా ముట్టుకోకండి" అనేవారు, పనివాళ్ళనీ అండీ అంటూ. మేకలు పడుకునే తుప్పు పట్టిన పట్టాకి ఈ మడి ఏంటని మేము చాటుగా నవ్వుకునేవాళ్ళం.

ఆఖరి రోజు లారీలో కాస్త చోటు మిగిలింది. వాన తుంపర మొదలైంది. నా పాడు చేతులు ఊరుకున్నాయా! గీత దాటి రెండు బారల మేర కోసేసి, గీతతో సహా ఆ ముక్కని లారీకెత్తించాను.

మర్నాడు లారీ కదలకముందే రైల్వే ఆఫీసు వాళ్ళు వచ్చి నిలదీశారు. వీరన్న గారు మావైపు తిరిగారు.

"గీత దాటి ఎవరు కోశారండి?"

"వానకి గీత కరిగిపోయిందండి, కనపళ్ళేదు" అన్నాను.

ఆయన లారీ ఎక్కి చూశారు. పట్టా మీద గీత తెల్లగా అలాగే ఉంది. నావైపు ఒక్కసారి చూసి కిందికి దిగారు. "నా మనిషి కోస్తే నేను కోసినట్టేనండి. తప్పు నాదే" అన్నారు వాళ్ళతో.

ఆ ముక్క తిరిగిచ్చేసినా, మళ్ళీ ఆయన్ని వేలానికి రానివ్వలేదు. వయసులో ఉన్నప్పటి నుంచి ఆయనకి తెలిసిన పని అదొక్కటే. తర్వాత ఇంటింటా తిరిగి చిల్లుల బిందెలు కొని అమ్ముకుంటూ గడిపారు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది! ఆయన పోయేదాకా నేను నిజం ఒప్పుకోలేదు. సిగ్గులేని వెధవని.

"ఇదెక్కడిదండి?" అని ఇవాళ పట్టా ముక్క తెచ్చిన ఆటో ఆయన్ని అడిగాను.

"ఊరికే పడుందండి" అన్నాడు, నేల చూపులు చూస్తూ.

ముక్కని మళ్ళీ ఆటోలోకి ఎత్తించి, నేనూ ఎక్కి కూర్చున్నాను.

"పదండి, ఎక్కడ తీశారో అక్కడే దించొద్దాం."

దారిలో, పేరైనా తెలియని ఆ మనిషితో మొదటిసారి చెప్పాను, ఆ గీత కరగలేదని.