సుబ్బక్క వాకిట్లో జనం

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఏడు, మత్తిగిరి అవతలి ఆ పల్లెలో టీకా సూది మాటెత్తితే జనం సుబ్బక్క ఇంటివైపు చూపించేవాళ్ళు. ఆమె మొగుడు సోమప్ప గొర్రెలు మేపుకునే మనిషి. సూది వేయించుకున్న వారంలోపే ఆయాసమొచ్చి పోయాడు. "మా అన్నను సూదే మింగేసింది" అని మరిది రామకృష్ణప్ప ఊరంతా చెప్పాడు. ఆ తర్వాత ఒక్కరూ చెయ్యి చాపలేదు.

ఆ పొద్దు నర్సు శోభన మళ్ళీ జీపులో వచ్చింది. రామకృష్ణప్పా, ఇంకొందరు మగవాళ్ళూ దారికి అడ్డంగా నిలబడ్డారు. ఒకడు రాయి అందుకున్నాడు. శోభన మందుపెట్టెను ఒళ్ళో అదుముకుని దిగకుండా కూర్చుంది.

అప్పుడే సుబ్బక్క గొర్రెల్ని తోలుకొస్తోంది.

"వదినా, నువ్వే చెప్పు ఈమెకి, మా అన్న ఎట్ల పోయినాడో!" అని రామకృష్ణప్ప కేకేశాడు.

ఇన్నాళ్ళూ అందరూ ఆమె మొగుడి చావు గురించి చెప్పినవాళ్ళే. ఆమెను అడిగినవాళ్ళు లేరు.

"సూదికి పోకముందే మీయన్నకు జొరం. చారు పోస్తే పులుపు తెలీలేదన్నాడు. ఈ పొద్దు సూదికి పోవద్దంటే ఇన్లేదు. జొరమని చెప్తే కరోనా వార్డులో ఏస్తారని నర్సమ్మ కాడ దాచిపెట్టినాడు. ఆయన్ని తీసుకపోయింది ఆ రోగమే అప్పా."

"అంటే మేము అబద్ధం చెప్తా ఉండామా?"

సుబ్బక్క జీపు దగ్గరికి పోయి రవిక చెయ్యి పైకి లాక్కుంది.

శోభన మందుపెట్టె తెరిచింది. "అక్కా, నీకు జొరం, దగ్గు ఏమన్నా ఉండాయా? నిజం చెప్పు."

"ఏమీ లేదమ్మా. బయం ఒకటే ఉండాది."

సూది దిగేటప్పుడు కూడా రాయి పట్టుకున్నవాడు రాయి వదల్లేదు.

సాయంత్రానికి సుబ్బక్క ఒళ్ళు కాలిపోయింది. వాకిట్లో జనం చేరారు. "ఇదో, మొదలైంది" అన్నారెవరో. ఆ మాట లోపలికి వినబడింది. శోభన ఇచ్చిన మాత్ర మింగి, గోడవైపు తిరిగి పడుకుంది. సోమప్ప కూడా ఇట్లనే పండుకున్నాడు కదా. తన మాట తప్పయితే? తనే పోతే, ఇంక ఈ పల్లెలో సూదికి వచ్చేదెవరు?

తెల్లారేసరికి జ్వరం దిగింది. చెయ్యి మాత్రం పైకి లేవలేదు. బయటికొచ్చి చూస్తే వాకిట్లో రామకృష్ణప్ప ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"బాగుండావా వదినా?"

"ఉండానప్పా. గొర్రెలు అరస్తా ఉండాయి, చూడు."

అతను లేచి, దొడ్డి తడిక తీసి మందను తోలుకుపోయాడు.

మళ్ళీ జీపు వచ్చినప్పుడు దారికి ఎవరూ అడ్డం రాలేదు. సూదికి వచ్చింది మాత్రం నలుగురు ఆడవాళ్ళే. రామకృష్ణప్ప దూరాన నిలబడి చూశాడు. అతను చెయ్యి చాపడానికి ఇంకా చాన్నాళ్ళు పట్టింది.